30×40 సైటులో మట్టి బ్లాకుల ఇల్లు: మా సైటు మట్టి పనికివస్తుందా, బెంగళూరు వానకు నిలుస్తుందా?

మిద్దెల ఊరివాడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి పద్నాలుగేళ్ళయింది. యలహంక దాటి దొడ్డబళ్ళాపురం వెళ్ళే దారిలో మూడేళ్ళ కిందట ఒక 30×40 సైటు కొనుక్కున్నాము. సంక్రాంతి వెళ్ళాక అందులో రెండంతస్తుల ఇల్లు మొదలుపెట్టాలని ఉంది. గోడలకు కాల్చిన ఇటుకో సిమెంటు బ్లాకో కొనకుండా, సైటులో తవ్విన మట్టినే యంత్రంలో నొక్కి బ్లాకులు చేయించుకోవచ్చునని ఒక మిత్రుడు చెప్పినప్పటి నుంచి ఆ ఆలోచన నన్ను వదలడం లేదు.

మట్టి ఇల్లు నాకు కొత్త కాదు. నేను పుట్టింది మట్టి మిద్దెలోనే. గోడలు దాదాపు రెండడుగుల మందం ఉండేవి. పైన దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన మట్టి, అన్నిటికంటే పైన చవుడు. తొలకరికి ముందు మా తాత మిద్దె ఎక్కి కొత్త చవుడు పరిచేవారు. మొదటి వానకు అది మెత్తబడి పగుళ్ళన్నీ పూడుకునేవి. మే నెల మధ్యాహ్నం బయట నిప్పులు చెరుగుతున్నా లోపల చాప మీద హాయిగా నిద్ర పట్టేది. ఆ మిద్దెను పడగొట్టి స్లాబు ఇల్లు వేసుకున్న నాడు ఊళ్ళో మా పరపతి పెరిగిందని నాన్న ఇప్పటికీ చెప్పుకుంటారు. నా ఆలోచన వినగానే ఆయన అన్న మాట ఇది: "మట్టిలో నుంచి బయటపడడానికి మాకు ఒక తరం పట్టింది. నువ్వు లక్షలు పోసి మళ్ళీ అందులోకే పోతానంటావేమిరా?" దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఇక్కడ వాన మా ఊరి కంటే చాలా ఎక్కువ. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పడమటి గోడ రోజుల తరబడి తడుస్తుంది. ఆ తడికి గోడ కరగదా? సైటు మట్టి పనికివస్తుందో లేదో ఎలా తెలుసుకోవాలి? నీళ్ళ సంపు కోసం తవ్వి చూసినప్పుడు పైన అడుగున్నర మేర నల్లటి మట్టి, దాని కింద అంతా ఎర్రమట్టి కనిపించింది. చెదల మాటేమిటి? ఇంతకు ముందు ఇలాంటి పని చేయని మేస్త్రీతో చేయించవచ్చునా? చివరగా, ఇది నిజంగా పర్యావరణానికి మేలు చేసేదా, లేక డబ్బున్నవారి సరదాయా? మొహమాటం లేకుండా చెప్పండి.

---

దిమ్మిస (జవాబు)

మీ ప్రశ్నలో రెండు వేర్వేరు ఇళ్ళు కలిసిపోయాయండీ. మీ తాతగారి గోడ పచ్చి మట్టి గోడ. నీళ్ళు పోసి, తొక్కి, వరుస మీద వరుసగా ఎత్తిన ఆ గోడను కాపాడింది దాని మందం, ఏటేటా చేసే మరమ్మతు, మీ ఊరి తక్కువ వాన. మీ మిత్రుడు చెప్పింది వేరు. మట్టిలో ఇసుక, కొద్దిపాటి సిమెంటు కలిపి, చెమ్మ మాత్రమే ఉన్న స్థితిలో అచ్చులో పోసి గట్టిగా నొక్కి, మూడు నాలుగు వారాలు నీటితో తడుపుతూ ఆరబెట్టిన బ్లాకు అది. సరిగ్గా చేసిన బ్లాకును బకెట్టు నీళ్ళలో వారం రోజులు ఉంచినా కరగదు. మీ నాన్నగారికి చూపించవలసింది ఆ బకెట్టే.

ఇది నిన్న మొన్న పుట్టిన పని కాదు. చేతితో నొక్కే యంత్రం 1956 ప్రాంతంలో కొలంబియాలో తయారైంది, సిన్వా-రామ్ అంటారు. మన ఊళ్ళో టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలుచుకునే భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో గ్రామీణ సాంకేతికత కోసం 'ఆస్త్ర' అనే విభాగం మొదలైంది. అక్కడ కె.ఎస్. జగదీశ్, బి.వి. వెంకటరామారెడ్డి తదితరులు మన నేలలకు తగినట్లు ఈ పనిని దశాబ్దాల పాటు పరిశోధించారు. 'మర్దిని' అనే యంత్రం అక్కడి నుంచి వచ్చినదే. ఈ బ్లాకులకు 1725 నంబరు భారతీయ ప్రమాణం 1960 నుంచీ ఉంది, 1982లో, 2013లో దాన్ని సవరించారు. కాబట్టి మీ ఇంజనీరు "దీనికి ప్రమాణమేదీ లేదు" అంటే నమ్మకండి.

ఇక మట్టి సంగతి. అసలు విషయమంతా ఇక్కడే ఉంది. సిమెంటు పట్టుకునేది ఇసుక రేణువులను. బంకమన్ను ఎక్కువైతే అది సిమెంటుకు లొంగకుండా తడికి ఉబ్బి, ఎండకు ముడుచుకుని, బ్లాకును లోపలి నుంచే బలహీనపరుస్తుంది. కలిపిన తరువాత మిశ్రమంలో బంక 10 నుంచి 15 శాతం మధ్య, ఇసుక 65 శాతానికి పైన ఉండాలన్నది పాటించదగిన లెక్క. బెంగళూరు చుట్టుపక్కల ఎర్రమట్టిలోని బంక ఎక్కువగా ఉబ్బని రకం; అది మన అదృష్టం. నల్లరేగడి అయితే కథ వేరు: దానికి సిమెంటు బదులు సున్నం వాడాలి, లేదా ఆ ఆలోచనే మానుకోవాలి. మీ సైటులో పైన కనిపించిన అడుగున్నర నల్లటి మట్టి రేగడి కాకపోవచ్చు. ఆకులు, వేళ్ళు కుళ్ళిన పైమట్టి అయి ఉంటుంది. దాన్ని బ్లాకుల్లో ఒక్క పార కూడా కలపనివ్వకండి. తీసి పక్కన పోసుకుంటే తరువాత మొక్కలకు బంగారం.

ప్రయోగశాలకు పంపే ముందు ఇంట్లోనే ఒక పని చేయండి. మూతి వెడల్పుగా ఉన్న గాజు సీసాలో మూడో వంతు వరకు ఎర్రమట్టి వేసి, చిటికెడు ఉప్పు కలిపి, నిండా నీళ్ళు పోసి, బాగా కుదిపి కదలకుండా పెట్టండి. ఒకటి రెండు నిమిషాల్లో ఇసుక అడుగుకు చేరుతుంది. తరువాత గంట రెండు గంటల్లో ఒండ్రు దాని మీద పేరుకుంటుంది. బంక దిగడానికి ఒక రోజు పడుతుంది. మరునాడు స్కేలు పెట్టి మూడు పొరల ఎత్తులూ కొలవండి. బంక పొర వదులుగా కూర్చుంటుంది కాబట్టి సీసా దాన్ని ఉన్నదాని కంటే కొంచెం ఎక్కువగానే చూపిస్తుంది.

నీళ్ళు ఎంత కలపాలన్నది చేతికి తెలియాలి. కలిపిన మట్టిని గుప్పిట్లో గట్టిగా అదిమి ఉండ చేసి, నడుము ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలండి. మూడు నాలుగు ముక్కలుగా పగిలితే సరిపోయినట్లు. పిండిలా రాలిపోతే నీళ్ళు చాలలేదు. పగలకుండా అప్పచ్చిలా అతుక్కుంటే ఎక్కువైనాయి. నేను పనికి వెళ్ళిన ప్రతిచోటా ఉదయం ఒకసారి, ఎండెక్కాక ఒకసారి ఈ ఉండ వేయిస్తాను, ఎందుకంటే పన్నెండు గంటల ఎండకు కుప్పలో చెమ్మ ఇట్టే తగ్గిపోతుంది. ఇంకొకటి, నీళ్ళు తగిలిన క్షణం నుంచి సిమెంటు పని మొదలుపెడుతుంది. అరగంటలో నొక్కగలిగినంత మాత్రమే ఒక విడతలో కలపాలి. పొద్దున్నే పెద్ద కుప్ప కలిపి మధ్యాహ్నం దాకా నొక్కే చోట బ్లాకులు చూడడానికి ఒకటిగానే ఉంటాయి, బలం మాత్రం సగం ఉండదు.

సిమెంటు లెక్క కూడా చెప్పి ముగిస్తాను. 230×190×100 మిల్లీమీటర్ల బ్లాకు ఆరాక సుమారు 8 కిలోలు తూగుతుంది. 7 శాతం సిమెంటు అనుకుంటే బ్లాకుకు అరకిలో పైచిలుకు, అంటే 50 కిలోల బస్తాకు దాదాపు 90 బ్లాకులు. మేస్త్రీ బస్తాకు 120 తీశానని గర్వంగా చెబితే సంతోషించకండి. 60 మాత్రమే తీస్తే అదీ లోపమే, కారణం కింద మరెవరైనా చెబుతారనుకుంటాను. బలాన్ని పరీక్షించేటప్పుడు పొడి బ్లాకును కాకుండా నీళ్ళలో నానిన బ్లాకునే నొక్కి చూడమని అడగండి. తడిస్తే బలం పొడి బ్లాకుతో పోలిస్తే బాగా తగ్గుతుంది, గోడ భరించవలసింది ఆ రోజునే. రెండంతస్తులకు భయం అక్కరలేదు. ఆరోవిల్‌లోని వికాస్ సముదాయంలో ఇలాంటి బ్లాకులతో నాలుగంతస్తుల భవనమే ఉంది. పునాది మీద ఒకటి, కిటికీల పైన ఒకటి చొప్పున ఇంటి చుట్టూ కాంక్రీటు పట్టీలు మాత్రం తప్పనిసరిగా వేయించండి.

---

కనకపుర రోడ్డు (జవాబు)

మేము ఇలాంటి ఇంట్లో పదకొండేళ్ళుగా ఉంటున్నాము. పైన దిమ్మిసగారు చెప్పినవన్నీ నిజమే, కాని ఇంట్లో ఉండేవారికి తెలిసే సంగతులు కొన్ని వేరుగా ఉంటాయి.

మొదట మా పొరపాటు చెబుతాను. మా సైటులో స్థలం చాలక సగం బ్లాకులను బయట ఒక యార్డు నుంచి తెప్పించుకున్నాము. లారీ దిగేటప్పుడే అంచులు రాలుతుంటే, ప్రయాణంలో కుదుపులకు అలా అవుతుందని చెప్పారు, మేము నమ్మాము. తరువాత తెలిసిందేమిటంటే ఆ బ్లాకులను నాలుగు రోజులైనా సరిగ్గా తడపలేదు. మా సొంత బ్లాకులను గోనెపట్టా కప్పి 21 రోజులు రెండు పూటలా తడిపాము. ఇప్పుడు ఇంటి ముందు నిలబడి చూస్తే ఏ గోడ ఏ బ్లాకులదో పిల్లలు కూడా చెప్పగలరు. మా బ్లాకుల గోడ మీద వేలితో గీస్తే గీత పడదు. కొన్నవాటితో కట్టిన పడమటి పిట్టగోడ మూడో వానాకాలానికే పొడి రాలడం మొదలుపెట్టింది. అరచేతితో నిమిరితే కుంకుమలా ఎర్రగా అంటుకునేది. ఆ పిట్టగోడను విప్పి మళ్ళీ కట్టించాము, పైన రాతి పలకను రెండంగుళాలు బయటికి వచ్చేలా పరిపించాము. అప్పటి నుంచి ఇబ్బంది లేదు.

వాన గురించి మీ భయం సగం న్యాయమైనది. గోడను దెబ్బతీసేది నేరుగా పడే వాన కాదు. పిట్టగోడ నెత్తిన నిలిచే నీళ్ళు, కిటికీ గట్టు కింద కారే చార, నేల మీద పడి గోడకు చిందే తుంపర, ఈ మూడే దెబ్బతీస్తాయి. పునాదిని సైజు రాళ్ళతో నేల నుంచి కనీసం అడుగున్నర పైకి లేపండి. చూరు రెండడుగులైనా బయటికి రావాలి. అయితే 30×40 సైటులో పక్కలకు వదలవలసిన ఖాళీ పోగా రెండడుగుల చూరుకు చోటు చూసుకోవడం కష్టం. ప్లాను గీసే రోజే దీన్ని తేల్చుకోండి, తరువాత అతికించడం కుదరదు. బయట ప్లాస్టరు వద్దు, అతుకులను చక్కగా నింపితే చాలు. గోడ ఆవిరిని వదిలేలా ఉండే నీటి నిరోధక పూత ఒకటి ఉంటుంది, దాన్ని కొన్నేళ్ళకొకసారి వేయించుకుంటున్నాము. నిగనిగలాడే ప్లాస్టిక్ రంగు పొరపాటున కూడా వేయకండి, లోపలి తడి బయటికి పోలేక రంగుతో పాటు గోడ పొర కూడా ఊడి వస్తుంది.

కరెంటు పైపులు ఎక్కడెక్కడ పోవాలో గోడ లేవక ముందే గీసుకోండి. మా ఎలక్ట్రీషియను అలవాటు ప్రకారం కటింగ్ మెషీను తీసుకుని వంటింటి గోడను నిలువునా కోసినప్పుడు మావారు దాదాపు ఏడ్చినంత పని చేశారు. మేకు కొడితే బ్లాకు పెచ్చు లేస్తుంది, డ్రిల్లు వేసి ప్లగ్గు పెట్టుకోవాలి. గోడ గడియారం కూడా ఆలోచించి పెట్టుకునే ఇల్లు ఇది.

చెదలు సిమెంటు కలిపి నొక్కిన బ్లాకును తినవు. అతుకుల వెంట దారి చేసుకుని కొయ్య ద్వారబంధాల దాకా వెళతాయి. పునాదికి మందు కొట్టించాము, రాతి పునాది పైన అడ్డంగా కాంక్రీటు పట్టీ ఉంది. ఇప్పటి వరకు ఒక్క అల్మరా చెడింది, అదీ బాత్రూము పక్కన తడి వల్ల.

చల్లదనం మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మీ తాతగారి రెండడుగుల గోడ వేరు, ఎనిమిది తొమ్మిదంగుళాల ఈ గోడ వేరు. ఇల్లు హాయిగా ఉందనేది నిజమే, కాని అందులో ఎక్కువ భాగం కిటికీలు, చూరు, పైకప్పు చేసిన మేలని నా అభిప్రాయం. పై అంతస్తు స్లాబులో కాంక్రీటు మధ్య మంగళూరు పెంకులు పెట్టించాము; దానివల్ల కాంక్రీటు తగ్గింది, వేడీ తగ్గింది.

---

మేస్త్రీ కొడుకు (జవాబు)

మా నాన్న పాలమూరు నుంచి మట్టి పనికి బెంగళూరు వచ్చి మేస్త్రీ అయ్యారు. నేను చిన్న కాంట్రాక్టులు చేస్తాను. మట్టి బ్లాకులతో మూడు ఇళ్ళు కట్టాను కాబట్టి వ్యతిరేకిని కాను. కాని పైన ఇద్దరూ చెప్పని మాట ఒకటుంది.

ఈ ఇళ్ళ గురించి రాసేవారందరూ కాల్చిన ఇటుకతో పోల్చి చూపిస్తారు. జగదీశ్, వెంకటరామారెడ్డి గార్లు 2003లో ప్రచురించిన లెక్కల ప్రకారం ఒక ఘనమీటరు కాల్చిన ఇటుక గోడకు 2141 మెగాజౌళ్ళ శక్తి ఖర్చయితే, 6 శాతం సిమెంటు కలిపిన మట్టి బ్లాకు గోడకు 646 మాత్రమే. చూడగానే మూడింట రెండు వంతులకు పైగా ఆదా. మాలూరు వైపు ఇటుక బట్టీలు చూసినవారికి ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో చెప్పనక్కరలేదు. కాని ఇవాళ బెంగళూరులో కాల్చిన ఇటుకతో ఎన్ని ఇళ్ళు లేస్తున్నాయి? మీ వీధిలో ఏ సైటు చూసినా సిమెంటు బ్లాకులే. అదే లెక్కల్లో 7 శాతం సిమెంటుతో చేసిన బోలు కాంక్రీటు బ్లాకు గోడకు 819 మెగాజౌళ్ళు. మట్టి బ్లాకులో సిమెంటు 8 శాతానికి పెంచితే అది 810 అవుతుంది. అంటే రెండే రెండు శాతం సిమెంటు పెరిగితే సిమెంటు బ్లాకుకూ దీనికీ తేడా దాదాపు మాయమైపోతుంది. దిమ్మిసగారు బస్తాకు 60 బ్లాకులే తీయడం లోపమన్నది ఇందుకే. 60 తీస్తే 10 శాతం దాటినట్లు. యార్డులో అమ్మేవారికి లారీలో పగలకుండా ఉండడం ముఖ్యం కాబట్టి సిమెంటు గుప్పించే వీలుంది. ఆపైన డీజిలు. అలాంటి బ్లాకును కొని గోడ కట్టి, పర్యావరణానికి మేలు చేశానని అనుకుంటే అది మనసు సర్దుకోవడమే.

కాబట్టి నా మాట ఒకటే: సైటు మట్టితో, సైటులోనే చేయించగలిగితే చేయండి, కొనేటట్లయితే మామూలు బ్లాకులతో కట్టుకుని ఆ శ్రద్ధను పైకప్పు మీద, ఇనుము తగ్గించడం మీద పెట్టండి.

సైటు మట్టి ఎంత వస్తుందో లెక్క వేసుకోండి. 10,000 లీటర్ల సంపుకు తవ్వే మట్టి పది ఘనమీటర్లు, సుమారు 16 టన్నులు. బ్లాకుకు ఏడున్నర కిలోల మట్టి అనుకుంటే రెండు వేల బ్లాకులు. మీ ఇంటికి సుమారు 250 చదరపు మీటర్ల గోడ ఉంటుందనుకుంటే చదరపు మీటరుకు 38 చొప్పున తొమ్మిదిన్నర వేలు కావాలి. సంపు మట్టి ఏ మూలకూ చాలదు. ఇల్లు కట్టే చోట 20×30 అడుగుల మేర నాలుగడుగులు తవ్వి సగం నేలమాళిగ వేసుకుంటే మాత్రం 68 ఘనమీటర్లు వస్తుంది. పైమట్టి తీసేసినా, ఇసుక కూడా కలుస్తుంది కాబట్టి, ఇల్లంతటికీ సరిపోతుంది. తవ్విన మట్టిని లారీలకెత్తించి ఏ చెరువు గట్టునో పోయించే ఖర్చు కూడా మిగులుతుంది. నేలమాళిగలోకి వాననీరు రాకుండా ముందే చూసుకోండి, ఆ సంగతి వేరే కథ.

చిక్కు స్థలం. పదివేల బ్లాకులు చేసి, మూడు నాలుగు వారాలు తడపాలంటే మీ 30×40లో కుదరదు, అక్కడ గుంత తవ్వి ఉంటుంది. నా రెండో ఇంటికి పక్క ఖాళీ సైటు యజమానిని బతిమాలి నాలుగు నెలలకు అద్దెకు తీసుకున్నాము. మనుషులకు పని నేర్పడానికి మొదటి పది రోజులు పోతాయి. ఆ పది రోజుల బ్లాకులను గోడలో పెట్టకుండా కాంపౌండుకు వాడండి. మేస్త్రీ కొత్తవాడైనా ఫరవాలేదు, బ్లాకుల మధ్య వేసే మాలు సంగతి మాత్రం కూర్చోబెట్టి చెప్పాలి. బ్లాకు కంటే మాలు గట్టిగా ఉంటే పగులు బ్లాకులోనే వస్తుంది. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ళు మట్టి, ఆరు పాళ్ళు ఇసుక కలిపిన మాలు చాలు. సిమెంటు ఎక్కువ వేస్తేనే మంచి పని అని నమ్మిన మేస్త్రీతో మీరు రోజూ వాదించవలసి వస్తుంది.

ఖర్చు ఎంత తగ్గుతుందని ఎవరూ అడగలేదు కాని అందరి మనసులో ఉండేది అదే. గోడ మొత్తం ఖర్చులో ఒక వాటా మాత్రమే. ప్లాస్టరు, రంగు మిగులుతాయి, కూలి పెరుగుతుంది. నేను కట్టిన మూడింటిలో ఒక్కదానికే కొంత మిగిలింది.

---

మిద్దెల ఊరివాడు

అందరికీ కృతజ్ఞతలు. నాలుగు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, ఎందుకంటే సీసా పరీక్ష చేసి రాద్దామనుకున్నాను. పచ్చడి సీసాలో మట్టి మొత్తం 12 సెంటీమీటర్లు కూర్చుంది. అడుగున ఇసుక 6.5, దాని మీద ఒండ్రు 2, పైన బంక 3.5 సెంటీమీటర్లు. అంటే బంక 29 శాతం దాకా ఉన్నట్లు. ఇది పనికిరాదనుకోవాలా?

ఇంకొక సంగతి. నాన్న ఊరి నుంచి వచ్చి ఉన్నారు. నేను స్కేలు పట్టుకుని సీసా ముందు కూర్చోవడం చూసి నవ్వి, గుప్పెడు ఎర్రమట్టిని అరచేతిలో తడిపి, చూపుడువేలి పొడవున తాడులా పేని, అది తెగకుండా వంగడం చూపించి, "ఇందులో ఇసుక చాలదు, కుండలకైతే పనికొస్తుంది" అన్నారు. సీసా ఒక రోజు తీసుకుని చెప్పింది ఆయన నిమిషంలో చెప్పారు. తరువాత బకెట్టు పరీక్ష గురించి చెబితే, అలా వారం నానిన బ్లాకును తన చేతులతో ముట్టుకుంటే తప్ప నమ్మనన్నారు.

---

దిమ్మిస

నాన్నగారి తీర్పు సరైనదే. 29 శాతం ఉన్నంత మాత్రాన పనికిరానిది కాదండీ. ఇక్కడి ఎర్రమట్టిలో అది మామూలే. మట్టికి సమానంగా ఇసుకో క్వారీ పొడియో కలిపితే బంక 14, 15 శాతానికి దిగుతుంది, ఇసుక 75 దాటుతుంది. సీసా బంకను కొంచెం ఎక్కువ చేసి చూపిస్తుంది కాబట్టి అంత పొడి కూడా పట్టకపోవచ్చు. కాని ఒకే గుంత చూసి నిర్ణయించకండి. సైటుకు ఎదురు మూలలో ఇంకొక గుంత నాలుగడుగుల లోతు దాకా తవ్వించి, రెండడుగుల దగ్గర, నాలుగడుగుల దగ్గర వేర్వేరుగా మట్టి తీసి మళ్ళీ సీసాలు పెట్టండి. ఎర్రమట్టి కింద కొన్నిచోట్ల గరుకైన మొరం తగులుతుంది. అది తగిలితే బయటి నుంచి కొనే పొడి సగానికి తగ్గుతుంది.

తరువాత యంత్రం ఒక రోజుకు అద్దెకు తెచ్చుకుని 6 శాతం సిమెంటుతో 20, 7 శాతంతో 20 బ్లాకులు చేయించండి. ఏది ఏ పాళ్ళదో పచ్చిగా ఉన్నప్పుడే మేకుతో గీసి పెట్టుకోండి. 28 రోజుల తరువాత ఒక్కోదానిలో సగం ప్రయోగశాలకు పంపండి, మిగిలినవాటిలో రెండు మీ నాన్నగారి బకెట్టుకు.